కొన్ని విమానాల్లో రెండు జనరేటర్లను ఎందుకు కలపరు?

కర్నూలులో డిప్లొమా విద్యార్థులకు ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ల్యాబ్‌లో రెండు ఆల్టర్నేటర్లను (ఏసీ జనరేటర్లను) కలిపేటప్పుడు, రెండింటి తరంగాలు ఒకదానితో ఒకటి సరిపోలాయో లేదో చూపే సింక్రోస్కోప్ ముల్లు నెమ్మదించి నిట్టనిలువుగా వచ్చేదాకా ఎవరినీ స్విచ్ వేయనివ్వను. మొన్న ఒక అమ్మాయి విమానంలో ఎలా కలుపుతారని అడిగింది.

ఎయిర్‌బస్ ఎ320లో ఒక్కో ఇంజనుకు 90 కేవీఏ (కిలోవోల్ట్ ఆంపియర్) సామర్థ్యమున్న జనరేటర్ ఉంటుంది: 115 వోల్టులు, 400 హెర్ట్జ్. ఇంజను వేగం మారినా ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉంచే ఏర్పాటూ ఉంది. అయినా రెండింటినీ సమాంతరంగా కలపరు. ఒకటి ఆగితే రెండోది దాని బస్‌బార్‌కు (విద్యుత్తును పంచే ప్రధాన పట్టీకి) కూడా సరఫరా ఇస్తుంది. బోయింగ్ 747లో మాత్రం కలుపుతారు. ఈ తేడా ఎందుకు? ఒకదాని లోపం మరొకదానికి పాకకుండానా?

బయలుదేరే ముందు క్యాబిన్ దీపాలు ఒక్క క్షణం రెపరెపలాడడం సరఫరా ఇలా ఒకదాని నుంచి మరొకదానికి మారడం వల్లేనా? బోయింగ్ 787లోనైతే ఫ్రీక్వెన్సీని ఇంజను వేగంతోపాటే మారనిస్తారు. మరి మోటార్లు ఎలా తట్టుకుంటాయి?

విమానాల నిర్వహణలో ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి. ఆ అమ్మాయికి అరకొర జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు.