ఐటీఐ ఫిట్టర్ తమ్ముడికి ఓడ మేలా, షిప్‌యార్డు మేలా? చెన్నైలో ఉన్నవాళ్ళు చెప్పండి

వేళచ్చేరి శ్రీను:
అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె, నేను వేళచ్చేరిలో ఉండబట్టి పదకొండేళ్ళు. మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ రెండేళ్ళు పూర్తిచేసి నా దగ్గరికి వచ్చాడు, వయసు 20. వాడి కన్నంతా మర్చంట్ నేవీ మీదే, జీపీ రేటింగ్ అని, ఓడలో కింది స్థాయి నావికుడి పనికి నేర్పే ఆర్నెల్ల కోర్సులో చేరతానంటాడు. మా నాన్నేమో ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీలోనో కాట్టుపల్లి షిప్‌యార్డులోనో అప్రెంటిస్‌గా చేరమంటాడు. అగ్నివీర్ కూడా ఒక ఆలోచన. నాకు నాలుగు సంగతులు కావాలి. కోర్సు అయ్యాక ఓడ ఎక్కడానికి నిజంగా ఎంతకాలం పడుతుంది? అప్రెంటిస్ చేస్తే ఉద్యోగం ఖాయమా? హాస్టల్ తిండి ఎలా ఉంటుంది? తమిళం రాకపోతే నెట్టుకురాగలడా? ఫీజు కోసం జీడితోట తాకట్టు పెట్టాలి, అందుకే ఇంత టెన్షన్.

సముద్రం 19:
శ్రీను అన్నా, మొదటి ప్రశ్నకి నా బతుకే జవాబు. 2019లో జీపీ రేటింగ్ పాసయ్యాను. చేర్చుకునేటప్పుడు వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నారు, పాసయ్యాక ఫోనే ఎత్తలేదు. పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. చివరికి ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక ఏజెంటు మూడు లక్షలు తీసుకుని గల్ఫ్‌లో ఒక టగ్గు (పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ) ఎక్కించాడు. నాలుగు నెలలు జీతం లేదు, మంచినీళ్ళు కూడా కొలిచి పోసేవాళ్ళు, ఆ రోజులు సీ టైమ్ (ఓడ మీద పనిచేసిన కాలం) లెక్కలోకి కూడా రాలేదు. నావికుల్ని ఓడ ఎక్కించే కంపెనీకి ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ అనే లైసెన్సు ఉండాలని, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని 2016 రూల్స్‌లోనే ఉందట. నాకది ఎవరూ చెప్పలేదు. ఆర్నెల్ల కోర్సులో ముళ్ళు వేయడం, పెయింట్ గీకడం, పెరేడ్ అన్నీ నేర్పారు, ఇది తప్ప. మీరు చేర్చే ముందు, పోయిన బ్యాచ్‌లో ఎవరెవరు ఏ ఓడ ఎక్కారో అడిగి వాళ్ళతోనే మాట్లాడండి. నంబర్లు ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. తోట మాత్రం తాకట్టు పెట్టొద్దన్నా, మా నాన్న ఆ మూడు లక్షలకి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు.

అడయార్ సుజాత:
నేను కంటి క్లినిక్‌లో పనిచేస్తాను. డబ్బు కట్టక ముందే అబ్బాయి కళ్ళు చూపించండి. చుక్కల్లో అంకె కనిపెట్టే పుస్తకం ఉంటుంది, ఇషిహారా అంటారు, ఐదు నిమిషాల పని. డెక్ (ఓడ పైభాగం పని) వాళ్ళకి అద్దాలు లేకుండా 6/6 అడుగుతారు, ఇంజిన్ వైపు కొంచెం అద్దాలున్నా ఒప్పుకుంటారు. రంగులు తేడా తెలియకపోతే మాత్రం రెండువైపులా వద్దంటారు. కోర్సు సగంలో వచ్చి ఏడ్చిన పిల్లల్ని చూశాను.

ఆవడి పెద్దాయన:
శ్రీను బాబూ, మీ నాన్నగారు చెప్పిందే వినండి. 34 ఏళ్ళు ఆవడిలో ఫిట్టర్‌గా చేశాను. విజయంత, అజేయ, భీష్మ, అర్జున్ నాలుగు ట్యాంకుల మీదా నా చెయ్యి పడింది. మాకు ట్రైనింగ్ అంటే మొదటి ఆరు నెలలూ ఆకురాయే. ఇనప ముక్కను బాస్టర్డ్ ఫైలు అనే గరుకు ఆకురాయితో రాసి, తర్వాత స్మూత్ ఫైలుతో రాసి, మూలమట్టం (ట్రై స్క్వేరు) ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనపడకూడదు. కనపడితే ముక్క చెత్తబుట్టలోకి, మళ్ళీ మొదటికి. ఇప్పటి పిల్లలు మూడో రోజే మిషను ముందు నిలబడతామంటారు. చేతికి లోహం తెలియకుండా చేసినవాణ్ణి నేను ఫిట్టరని అనను.

శ్రీపెరుంబుదూరు సీఎన్‌సీ:
పెద్దాయన గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఈ ఆకురాయి పురాణం వల్లే నా రెండేళ్ళు పోయాయి. మా ఐటీఐలో ఇరవైమందికి రెండు లేతులు (ఇనప ముక్కను తిప్పి చెక్కే మిషన్లు), ఒకదానికి ముక్కను పట్టుకునే చక్కు లేదు, రెండోదానికి మోటారు కాలిపోయింది. అందుకని ఎనిమిది నెలలు ఫైలింగే. మేల్ ఫిమేల్ ఫిట్టింగ్ అని ఒకటే ముక్కను తిప్పి తిప్పి రాయించారు. అడిగితే 'చెయ్యి తిరగాలిరా' అనేవాళ్ళు. చెయ్యి తిరగడం కోసం కాదండీ అది, మిషన్లు లేవని చెప్పుకోలేక. బయటికొచ్చాక కంప్యూటర్ మిషనుకి ఆదేశాలిచ్చే జీ కోడ్ చదవడం రాదు, డ్రాయింగ్‌లో టాలరెన్సు (కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారనే) గుర్తులు చూస్తే కళ్ళు తిరిగాయి. మొదటి కంపెనీలో మూడు వారాలకే పంపించేశారు. రక్షణ పరిశ్రమల కోసం డిఫెన్స్ కారిడార్ అని చెన్నై, హోసూరు, కోయంబత్తూరు, సేలం, తిరుచ్చి ఐదు చోట్ల పెట్టారు, అక్కడ విడిభాగాలు చేసే చిన్న యూనిట్లకి కావాల్సింది మిషను సెట్టింగ్ తెలిసినవాడు. ఫైలు పట్టినవాడితో వాళ్ళకేం పని?

ఆవడి పెద్దాయన:
మీ ఐటీఐలో చక్కు లేకపోతే అది ఆకురాయి తప్పు ఎలా అవుతుంది బాబూ? 'పురాణం' అన్న మాట నాకు బాధ కలిగించింది. ఆ పనితోనే ముగ్గురు పిల్లల్ని చదివించాను. మిషను మీద వచ్చిన ముక్కను చివరికి అమర్చేది మనిషి చెయ్యే. అంచున మిగిలే గరుకు పదును (బర్) తీయడం రాక బేరింగు పాడుచేసిన మిషను కుర్రాళ్ళను ఎంతమందిని చూశానో.

శ్రీపెరుంబుదూరు సీఎన్‌సీ:
బర్ తీయడానికి ఎనిమిది నెలలు కావాలా? రెండు వారాలు చాలు. మీ రోజుల్లో ట్రైనింగ్ అవగానే పర్మనెంటు, మాకు అదీ లేదు. ఆ తేడా చెప్పకుండా 'ఇప్పటి పిల్లలు' అంటే ఒళ్ళు మండుతుంది.

థర్డ్ ఇంజినీర్ కాకినాడ:
ఇద్దరూ కాస్త ఆగండి. కొలంబో దాటాక ఒకసారి మా ఓడలో జనరేటర్ కూలింగ్ నీళ్ళ పంపు షాఫ్టు కీ (షాఫ్టు గాడిలో బిగించే ఇనప ముక్క) అరిగి విరిగింది. స్పేర్ కీ పెట్టె తీస్తే సైజు లావు, గాడిలో దిగదు. నడిసముద్రంలో ఎవర్ని పిలుస్తాం? మా ఫిట్టరు శ్రీకాకుళం మనిషి, వైస్‌లో బిగించి, గాడికి ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి, ఎక్కడ ఆనుతుందో చూస్తూ రాస్తూ రెండు గంటల్లో దించేశాడు. చీఫ్ ఇంజినీర్ వచ్చి ఆయన భుజం తట్టాడు. నేను నాలుగేళ్ళు మెరైన్ ఇంజినీరింగ్ బీటెక్ చదివినవాణ్ణి, ఆ పని నాకు రాదు. అలాగని సీఎన్‌సీ తమ్ముడు చెప్పిందీ నిజమే, పరికరాలు లేక రాయించడాన్ని చదువు అనలేం. మా కాలేజీలో నిలబెట్టిన ఇంజినుకి పెయింటు బాగా వేసేవాళ్ళు. స్టార్ట్ చేసి మా చేత ఓవర్‌హాల్ చేయించింది మాత్రం నాలుగేళ్ళలో రెండుసార్లు. శ్రీను గారూ, ఏ కాలేజీకైనా వెళ్ళినప్పుడు వర్క్‌షాపులో నేల చూడండి, నూనె మరకలు ఉన్నాయో లేదో. అద్దంలా మెరుస్తుంటే అక్కడ పని జరగట్లేదు. ఇంకోటి, ఓడలో ఫిట్టరు పోస్టు వేరే ఉంటుంది, యార్డులో కొన్నేళ్ళు వెల్డింగూ ఫిట్టింగూ చేసి దానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. జీపీ రేటింగ్ ఒక్కటే తలుపు అనుకోకండి.

గాజువాక గిరి:
అసలు సోంపేట కుర్రాణ్ణి చెన్నైకి ఎందుకు ఈడుస్తున్నారు? మన విశాఖలో నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు ఉంది, ఐటీఐ వాళ్ళని రాతపరీక్ష పెట్టి తీసుకుంటారు. హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది, 1948 మార్చిలో జల ఉష ఓడ నీళ్ళలోకి దిగింది అక్కడే. షిప్‌బిల్డింగ్ నేర్పడానికి కేంద్రం సాగరమాల పథకం కింద సీఈఎంఎస్ అనే శిక్షణ కేంద్రం పెట్టిందీ విశాఖలో, ముంబైలోనే. ఇంటికి రాత్రి బస్సు దూరంలో ఇన్ని పెట్టుకుని తమిళం గురించి బెంగ ఎందుకు?

మీంజూరు వెల్డర్:
గిరి గారూ, విశాఖ గొప్పదే, నేనూ అక్కడే పుట్టాను. కానీ 2025 జూన్‌లో విశాఖలో నేవీలోకి తీసుకున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ అర్నాలా కట్టింది ఎక్కడ? ఇక్కడి కాట్టుపల్లిలో. చెన్నైలో ఓడలు కట్టరన్నట్టు మాట్లాడకండి.

ఇక ఆకురాయి గొడవలో అందరూ వెల్డింగ్ మర్చిపోయారు. ఓడ అంటేనే అతుకు. ఐటీఐలో 6013 రకం వెల్డింగ్ రాడ్డు ఇస్తారు, తేలిగ్గా అంటుకుంటుంది, చూడటానికి అతుకు బాగుంటుంది, పిల్లాడు వెల్డర్ని అయిపోయాననుకుంటాడు. యార్డులో 7018 ఇస్తారు. అది తేమ పీల్చే రాడ్డు. ఓవెన్‌లో కాల్చి, వేడిగా ఉండే డబ్బాలో పెట్టుకుని, అందులోంచి ఒక్కొక్కటే తీసి వాడాలి. మన ఎన్నూరు గాలికి బయట పెట్టి వదిలేస్తే అంతే, అతుకులోకి హైడ్రోజన్ చేరి తర్వాతెప్పుడో పగులు వస్తుంది. నేను ట్రైనింగ్‌లో అసలు ఓవెనే చూడలేదు. మొదటి టెస్టులో విప్పిన ప్యాకెట్ లోంచి రాడ్డు తీసి కాల్చాను, ఎక్స్‌రేలో అతుకంతా చిల్లులు. తనిఖీ చేసే సర్వేయరు ఏమీ అనకుండా ప్లేటు పక్కన పెట్టేశాడు. ఆ రోజు మీంజూరు స్టేషన్లో కూర్చుని రెండు రైళ్ళు వదిలేశాను. మూడో ప్రయత్నంలో 3జీ (నిలువు అతుకు), 4జీ (తలపైన అతుకు) టెస్టులు రెండూ పాసయ్యాను, తర్వాత వాలుగా బిగించిన పైపు అతికే 6జీ కూడా. ఇప్పుడు యార్డుల్లో ఎక్కువ పని సీఓ2 గ్యాసులో, లోపల మందు నింపిన ఫ్లక్స్ కోర్ వైరుతో, వెనక సిరామిక్ పలక (బ్యాకింగ్) పెట్టి ఒకవైపు నుంచే కాలుస్తాం. ఇది ఎన్ని కాలేజీల్లో నేర్పుతున్నారో చెప్పండి. వెల్డింగ్ నేర్చుకుంటే నెలల్లో సంపాదన మొదలవుతుంది, ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు.

సముద్రం 19:
కాంట్రాక్టరు కింద చేస్తే పీఎఫ్ వస్తుందా అన్నా?

మీంజూరు వెల్డర్:
మొదటి కాంట్రాక్టరు కట్టలేదు, గొడవపడి మానేశాను. ఇప్పటాయన కడుతున్నాడు, నెలనెలా పాస్‌బుక్ చూసుకుంటాను. అది ముందే అడగాలి.

అంబత్తూరు లక్ష్మి:
తమ్ముళ్ళు, కుర్రాళ్ళు అని తప్ప ఇక్కడ ఎవరి నోటా ఆడపిల్ల మాట రాలేదు. మా చెల్లి అగ్నివీర్‌గా ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో ట్రైనింగ్ పూర్తిచేసింది. 2023 మార్చిలో అక్కణ్ణించి బయటికొచ్చిన మొదటి బ్యాచ్‌లోనే అమ్మాయిలు ఉన్నారు. ఊళ్ళో చెరువులో దిగనివ్వని పిల్ల, ఇప్పుడు యూనిఫాంతో ఈత కొడుతుంది. పాసింగ్ అవుట్ పెరేడ్‌లో దాన్ని గుర్తుపట్టలేక మా అమ్మ వరసంతా రెండుసార్లు చూసింది. నాలుగేళ్ళ తర్వాత నాలుగోవంతు మందినే ఉంచుకుంటారు, ఆ భయం మాకూ ఉంది. అందుకే లోపలున్నప్పుడే ఏ ట్రేడు వస్తుందో గట్టిగా నేర్చుకో అని రోజూ చెబుతాను. శ్రీను గారూ, హాస్టల్ తిండి ఎవరూ చెప్పలేదు కదా, చెన్నై వైపు సాంబారన్నమే, ఆవకాయ సీసా కట్టించండి.

ఆవడి పెద్దాయన:
వెల్డర్ బాబు రాసింది చదివాక నా మనసు కుదుటపడింది. అప్రెంటిస్ గురించి అడిగారు కదా శ్రీను బాబూ, అప్రెంటిస్ చట్టం 1961 ప్రకారం శిక్షణ ఇచ్చిన ఫ్యాక్టరీ ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు. మా రోజుల్లో దొరికింది, ఇప్పుడు కష్టమే. 2021 అక్టోబరు నుంచి ఆవడి ఫ్యాక్టరీ కూడా ప్రభుత్వ శాఖ కింద నుంచి ప్రభుత్వ కంపెనీలోకి మారిపోయింది. ఇది ముందే చెప్పాల్సింది, నా పని మీద అభిమానంతో దాటేశాను. సీఎన్‌సీ బాబూ, మీకు లేతు చూపించకపోవడం అన్యాయమే.

శ్రీపెరుంబుదూరు సీఎన్‌సీ:
నేనూ తొందరపడ్డాను పెద్దాయన గారూ. ఎనిమిది నెలల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

థర్డ్ ఇంజినీర్ కాకినాడ:
ఎవరు ఎటు వెళ్ళినా ప్రాణం కాపాడుకునే శిక్షణని తేలిగ్గా తీసుకోకండి. లైఫ్‌జాకెట్ వేసుకుని ఎత్తు నుంచి దూకిస్తారు, తిరగబడ్డ లైఫ్‌రాఫ్ట్‌ని నీళ్ళలోనే ఉండి సరిచేయిస్తారు, పొగ గదిలోకి సిలిండర్ కట్టి పంపిస్తారు. గాలి అయిపోతుంటే విజిల్ మోగుతుంది, అది వినగానే వెనక్కి రావాలి. మా బ్యాచ్‌లో ఒకడు శిక్షణకి రాకుండానే ప్రాక్సీ హాజరు వేయించుకున్నాడు. వాడితో ఒకే ఓడలో ఉండటానికి నేను ఒప్పుకోను.

వేళచ్చేరి శ్రీను:
రెండు రోజులు ఇటు రాలేకపోయాను, క్షమించండి. సుజాత గారు రాసింది చదివి మొన్న వాణ్ణి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చూపు 6/6. ఆ చుక్కల పుస్తకం తెరిస్తే మొదటి పేజీ చదివాడు, రెండోది తప్పు, తర్వాత ఒకదాంట్లో అంకే లేదన్నాడు. నాకు అక్కడ అంకె స్పష్టంగా కనిపిస్తోంది. వాడు నా మొహం చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, తోటలో జీడిపళ్ళు కోసేటప్పుడు ఎర్రవి వదిలేసి వస్తాడని నాన్న తిట్టేవాడు, అంతకుమించి మాకెవరికీ తట్టలేదు. ఓడ పోయింది, నేవీ పోయింది. నిన్నంతా అన్నం తినలేదు. వెల్డర్ అన్నా, వెల్డింగ్‌కి ఇది అడ్డమా?

అడయార్ సుజాత:
పుట్టుకతో వచ్చింది శ్రీను గారూ, మందు లేదు, అలాగని పెరగదు కూడా. తగ్గిస్తామని అద్దాలు అంటగట్టేవాళ్ళకి డబ్బు ఇవ్వకండి. ఎలక్ట్రికల్ పని వైపు మాత్రం పంపొద్దు, అక్కడ తీగల రంగులు ప్రాణం మీదికి తెస్తాయి.

మీంజూరు వెల్డర్:
ఒక్కో యార్డు మెడికల్ ఒక్కోలా ఉంటుంది, చేరే ముందే దాచకుండా చెప్పి అడగాలి. నాతో పనిచేసే ఒకతనికి ఇదే ఉంది, ఎక్స్‌రేలో అతని అతుకు నాకంటే శుభ్రంగా వస్తుంది. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తమ్ముణ్ణి మీంజూరు స్టేషను బయటికి తీసుకురండి, గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే చాలు. మా మిత్రుడి షెడ్డులో మిషనూ ఓవెనూ రెండూ ఉన్నాయి. పొడుగు చేతుల కాటన్ చొక్కా, తోలు బూట్లు వేసుకు రమ్మనండి. నైలాన్ ప్యాంటు వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుపోతుంది. మొదట 7018తోనే మొదలుపెట్టిస్తాను.