సిగ్నల్ దగ్గర ఆగితేనే ఇంజిన్ వేడెక్కుతోంది

ప్రశ్న: 2003 మోడల్ పెట్రోల్ కారు. హైవే మీద టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది, ట్రాఫిక్‌లో ఆగితే పైకి పోతోంది. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గట్లేదు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. థర్మోస్టాట్ మూసుకుపోతే హైవే మీద కూడా వేడెక్కేది. బండి ఆగినప్పుడు రేడియేటర్ గుండా గాలి లాగేది ఫ్యానే. దాని కనెక్టర్ తీసి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులివ్వండి. తిరగకపోతే మోటారు పోయినట్టే. తిరిగితే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్) చూడండి.

జవాబు: అవీ బాగుంటే రేడియేటర్ స్విచ్ చూడాలి, వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది అదే. రెండు వైర్లదైతే స్విచ్ నుంచి కనెక్టర్ తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఆ కనెక్టర్ పిన్నులు రెండూ వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగిందంటే స్విచ్ మార్చాల్సిందే. చేతులు ఫ్యాన్ రెక్కలకు దూరంగా ఉంచండి!

జవాబు: రేడియేటర్ రెక్కల్లో దుమ్ము కూడా చూడండి. ఇంజిన్ వైపు నుంచి మామూలు పైపుతో కడగండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. బోరు నీళ్లు పోయకండి, ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.