పట్టు పరికిణీలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: పెద్ద సైటా, సొంత పేజీయా?

సూదీదారం (మారతహళ్ళి, బెంగళూరు)
నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ లోపు ఆడపిల్లలకు పట్టు పరికిణీ, జాకెట్టు సెట్లు కుట్టిస్తాను. బట్ట చిక్‌పేట హోల్‌సేల్‌లో తెస్తాను, కుట్టేది మా వీధి టైలర్లు. ఇన్నాళ్ళూ మా అపార్ట్‌మెంట్లోనూ పక్కవాటిలోనూ అమ్మాను. దసరాకి హైదరాబాదు, విజయవాడ నుంచి కూడా అడిగారు. ఇక ఆన్‌లైన్‌లో పెడదామంటే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మావారేమో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో పెట్టు, జనం అక్కడే ఉన్నారంటారు. మా చెల్లెలేమో ఇన్‌స్టా, వాట్సాప్ చాలు, వాళ్ళకి కమీషన్ ఎందుకు పోయాలంటుంది. జీఎస్టీ నంబరు తీసుకోలేదు, ఏడాదికి 40 లక్షలు దాటితేనే కదా అని. మీరేమంటారు?

ఖాతాపుస్తకం
ముందు ఆ 40 లక్షల సంగతి తేల్చుకోండి మేడమ్, తర్వాత మీ ఇంటి ఎన్నికలు. ఆ పరిమితి కర్ణాటక లోపలే అమ్మే సరుకుకి. మీరు కుట్టించే బట్టల్లాంటి సరుకు మీ ఇంటి నుంచి హైదరాబాదుకి పార్సెల్ వెళ్ళిందంటే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. మొదటి పార్సెల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్‌స్టాలో అమ్మారా, అమెజాన్‌లో అమ్మారా అన్నదానితో పనిలేదు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టి సరిపెట్టుకునే కాంపోజిషన్ స్కీము కూడా బయటి రాష్ట్రానికి పంపేవాళ్ళకి కుదరదు. అంటే మీ వాదనలో పన్ను ఏ పక్షానికీ సాయం రాదు.

అనంతపురంవాడు (కేఆర్ పురం)
ఖాతా అన్న మొదులుపెట్టీ పెట్టంగానే భయపెడతాండాడు. అక్కా, మా ఇంట్లోవాళ్ళు వాట్సాప్ గ్రూపులోనే చీరలు అమ్ముతాండారు. ఫొటో పెడతారు, యూపీఐ వస్తాది, కొరియర్ వేస్తారు. సైటు వాళ్ళకి కమీషన్ లేదు, ప్రకటన ఖర్చు లేదు. కొన్నామె నంబరు మన ఫోన్లోనే ఉంటాది, సంక్రాంతికి మళ్ళీ మెసేజ్ పెట్టొచ్చు. పెద్ద సైటులో ఆ నంబరు నీకియ్యరు. ఆడ నువ్వు సరుకిచ్చేదానివే, కస్టమరు వాళ్ళ మనిషి. చిన్నగా చేసుకునేవాళ్ళ యూపీఐ లెక్క ఎవురు చూస్తారు?

ఖాతాపుస్తకం
ఎవురు చూస్తారా? బెంగళూరులో ఉండి ఈ మాట అడుగుతున్నావా తమ్ముడూ! 2025 జులైలో ఇక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తీసుకునే కదా బేకరీలకి, కాండిమెంట్స్ కొట్లకి (టీ, చిరుతిళ్ళ చిన్న దుకాణాలకి) నోటీసులిచ్చింది. కొట్ల మీద ‘నో యూపీఐ’ అని కాగితాలు అంటించారు. టీ తాగి చిల్లర కోసం ఏటీఎంకి పరుగెత్తాం. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బకాయిలు వసూలు చెయ్యబోమన్నారు, రిజిస్టర్ మాత్రం చేసుకోవాలన్నారు. ప్రతిసారీ అలా తేలుతుందని ఎవరు హామీ ఇస్తారు? జీఎస్టీ నంబరు తీసుకోవడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. 2025 నవంబరు నుంచి, నెల పన్ను రెండున్నర లక్షలు దాటదనుకునే చిన్నవాళ్ళకి మూడు పనిదినాల్లో ఇచ్చే పద్ధతి పెట్టారు.

సూదీదారం
అద్దె ఇల్లు అన్నా. ఈ ఇంటి చిరునామా మీద నంబరు తీసుకుంటానంటే ఓనరమ్మ ఒప్పుకుంటుందా?

ఖాతాపుస్తకం
అగ్రిమెంటు, ఆమె పేరున్న కరెంటు బిల్లు కావాలి. ఒప్పుకున్నట్టు ఆమె చేత ఒక ఉత్తరం రాయించుకుంటే మేలు. కరెంటు మీటరు కమర్షియల్‌కి మారుస్తారేమోనని ఓనర్లు జంకుతారు. నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పండి. ఒక సెట్టు మనవరాలికి కుట్టిస్తే ఇంకా తొందరగా అర్థమవుతుంది :)

బొమ్మనహళ్ళి బేరగాడు
నేను పిల్లల కాటన్ బట్టలు పెద్ద సైట్లలోనే అమ్ముతాను, కాబట్టి నావైపు నుంచి. వెతికే జనం అక్కడే ఉన్నారన్నది నిజం. ఇన్‌స్టాలో మీ రీల్ చూసినవాళ్ళు లైక్ కొట్టి పోతారు. సైటులో ‘పట్టు పరికిణీ 6 ఏళ్ళు’ అని టైపు చేసినవాళ్ళు డబ్బు చేతిలో పెట్టుకుని వస్తారు. మన అమ్మకం డబ్బులోంచి సైటు వాళ్ళు జీఎస్టీ కింద 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం పట్టుకుంటారు. అవి మన పేరు మీదున్న పన్ను ఖాతాలోనే జమపడతాయి, లెక్క సరిగ్గా రాసుకుంటే తిరిగి వాడుకోవచ్చు. వాటిని చూసి భయపడొద్దు.

భయపడాల్సింది పార్సెల్ వెనక్కి రావడానికి. 2010లో ఫ్లిప్‌కార్ట్ ‘వస్తువు చేతికొచ్చాకే డబ్బు’ అని మొదలుపెట్టినప్పటి నుంచి మన జనానికి అది అలవాటైపోయింది. తలుపు కొడితే ‘వద్దులే’ అంటారు. మనకి రెండువైపులా కొరియర్ ఖర్చు, నలిగిన జరీ అంచు. కాటన్ గౌను ఇస్త్రీ చేసి మళ్ళీ పెడతాను. మీ పట్టు సంగతి వేరు.

ఇంకోటి. కొరియర్లు తూకం ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు. 30, 25, 10 పెట్టె అయితే లోపల అరకిలో సరుకున్నా కిలోన్నర కింద బిల్లేస్తారు. అందమైన గిఫ్టు పెట్టె ఆశ మానుకోండి, మడత పెట్టి కొరియర్ కవర్లో పంపండి.

ఇద్దరాడపిల్లల అమ్మ (హొసూరు రోడ్)
కొనేదాన్ని నేను, నా మాట కూడా వినండి. ఒక ఇన్‌స్టా పేజీలో పెద్దపాప బారసాలకని చిన్నపాపతో సమానంగా రెండు సెట్లు తెప్పించాను. ఒకదాని నడుము దగ్గర కుట్టు ఊడి ఉంది. ‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్, పార్సెల్ విప్పే వీడియో ఉంటేనే’ అన్నారు. పిల్ల ఏడుస్తుంటే వీడియో ఎవరు తీస్తారండీ? అప్పటి నుంచి నేను పెద్ద సైటులోనే కొంటాను. వెనక్కి పంపితే డబ్బు వచ్చేస్తుంది.

ఖాతాపుస్తకం
2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్ళు అనడానికి లేదు. పేజీలో ఎంత పెద్దక్షరాలతో రాసుకున్నా అంతే.

అనంతపురంవాడు
పెద్దపాప బారసాల ఏందక్కా, పెద్దపాపకి బారసాల అయిపోయుంటాది కదా!

ఇద్దరాడపిల్లల అమ్మ
మా ఆడపడుచు పాప బారసాల బాబూ. మావాళ్ళిద్దరూ ఒకేలా వేసుకోవాలని. విషయం కుట్టు గురించి.

సూదీదారం
ఖాతా అన్నా, ధర గురించి ఒకటి. ఇప్పుడు సెట్టు 2,600 పెడదామనుకుంటున్నాను. పట్టుకి 5 శాతమే కదా?

ఖాతాపుస్తకం
బట్టగా కొంటే 5. కుట్టిన దుస్తులయితే 2025 సెప్టెంబరు 22 నుంచి, ఒక్కోటి 2,500 రూపాయల దాకా 5, ఆపైన 18. 2,500కి అమ్మితే పన్ను 125, కొన్నవాళ్ళు కట్టేది 2,625. మీరు 2,600 అనుకుంటే పన్ను 468, కట్టేది 3,068. మీ చేతికి నూరు ఎక్కువ వస్తుంది, కొనేవాళ్ళకి 443 భారం పెరుగుతుంది. కాబట్టి 2,500 దగ్గర ఆగండి, లేదంటే మంచి పట్టుతో మూడున్నర వేల పైన ఇంకో రకం పెట్టండి. ఆ మధ్యలో మాత్రం వద్దు.

బొమ్మనహళ్ళి బేరగాడు
పరికిణీకి ఒకటి, జాకెట్టుకి ఒకటి, రెండు బిల్లులేస్తే?

ఖాతాపుస్తకం
సెట్టుగా ఫొటో పెట్టి, సెట్టుగా ధర చెప్పి, బిల్లు దగ్గర మాత్రం ముక్కలు చేస్తే అధికారి ముందు నిలబడేది మేడమే, నువ్వు కాదు.

సూదీదారం
అందరి మాటా విన్నాక నాకు తోచింది చెప్తాను. కొలతలు తీసుకుని కుట్టే పట్టు సెట్లు సొంత పేజీలోనే పెడతాను. ముందే డబ్బు తీసుకుంటాను. కుట్టు నాది కాబట్టి ఊడితే నా ఖర్చుతో వెనక్కి తెప్పించుకుని సరిచేస్తాను, ఈ సంగతి పేజీలో మొదటే రాస్తాను. పెద్ద సైటులో నడుముకి ఎలాస్టిక్ వేసిన కాటన్ పరికిణీలు మాత్రం పెడతాను, సైజు తేడా వచ్చినా కొంప మునగదు. మావారు గెలిచాననుకుంటున్నారు, చెల్లెలూ గెలిచాననుకుంటోంది.

అనంతపురంవాడు
ముందే డబ్బంటే కొత్తోళ్ళు పంపరక్కా. సగం ముందు, సగం ఫొటో చూపించినాక తీసుకో.

ఇద్దరాడపిల్లల అమ్మ
సగమైతే నేను పంపుతాను. ఆరేళ్ళ పాపకి నడుము, పొడవు ఎలా కొలవాలో ఒక చిన్న వీడియో పెట్టండి. సంక్రాంతికి ఆర్డర్లు ఎప్పటిదాకా తీసుకుంటారు?