వేటలో ఎదురుపడే బిజ్జు: అది మనిషి మీద పడుతుందా, మనిషే దాని మీద పడుతున్నాడా?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
పోయిన వారం మా పక్క ఊళ్లో ఒకాయన రాత్రిపూట కుక్కలతో అడవి పందుల వేటకు పోయి, పిక్క మీద గాటుతో తిరిగొచ్చాడు. కరిచింది బిజ్జు, అదే హనీ బ్యాడ్జర్. వీపంతా తెల్లగా బూడిదరంగులో, కడుపూ కాళ్లూ నల్లగా ఉంటుందే, అది. అప్పటి నుంచి ఊళ్లో ఒకటే మాట, "అది మనిషిని చూస్తే వదలదు, బొరియలు వెతికి పొగబెట్టి చంపేద్దాం" అని. నేను ఒప్పుకోను. మా గడ్చిరోలీ జిల్లా (మహారాష్ట్ర) సిరోంచ, అహేరి వైపు వేటకు పోయినవాళ్లు చెప్పే బిజ్జు కథలు చిన్నప్పటి నుంచి వింటున్నాను. ప్రతి కథలోనూ కాటుకు ముందు ఇంకొకటి జరిగి ఉంటుంది. కుక్కలు చుట్టుముట్టి ఉంటాయి, లేదంటే బొరియ తవ్వి ఉంటారు, లేదంటే అది అప్పటికే ఉచ్చులో పడి ఉంటుంది. దారిన పోయే మనిషిని వెతుక్కుంటూ వచ్చి కరిచిందన్న కథ నేనైతే ఒక్కటీ వినలేదు. మీరు విన్నారా?

అసరెల్లి మిర్చి రైతు:
అన్నా, సిరోంచలో కూర్చొని చెప్పడం తేలిక. మా ఇంట్లో కోళ్ల గూడు కింద మట్టి తవ్వి లోపలికి దూరింది. పొద్దున చూస్తే ఈకలు తప్ప ఏం మిగల్లేదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా ఆడోళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకొని చెట్ల కిందికి పోతారు. వాళ్లకు ఎదురొస్తే ఏం చేయాలి? అది ఎందుకు కరిచిందో ఆలోచించే టైమ్ ఉంటుందా? పులి ఆవును కొడితే పంచనామాకు వస్తారు. నా కోళ్లకు ఎవరొస్తారు?

అంకీసా నుంచి:
శ్మశానంలో గుంతలు తవ్వి శవాలు తింటుందని మా తాత చెప్పేవాడు. అలాంటి దాన్ని ఊరి దగ్గర ఉండనివ్వాలంటారా?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, శవం మాట ముందు. లోతు లేకుండా పూడ్చిన చోట తవ్వుతుందని చాలా జిల్లాల్లో చెబుతారు. చచ్చిన జంతువుల్ని కూడా తినేదే కాబట్టి అందులో వింతేమీ లేదు. లోతుగా పూడ్చి పైన రాళ్లు పేర్చే ఆచారం మన పెద్దలకు ఉండనే ఉంది. దాన్ని చంపడానికి అది కారణం కాదు.

ఇక వేటగాళ్ల సంగతి. వాళ్ల మాటల్ని కట్టుకథలని నేను కొట్టిపారేయను. ఒడిశాలోని మా గజపతి జిల్లా కొండల్లో ఈ జంతువు గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నేల మీద అడుగు చూసి చెప్పేస్తారు. అయిదు వేళ్లు, వాటికి బాగా ముందుగా పొడవాటి ముందరి గోళ్ల గీతలు. ఆ గోళ్లతోనే అది చెదపుట్టలు చీలుస్తుంది, ఎలుకల్ని తవ్వి తీస్తుంది, పామునీ తేలునీ కూడా తింటుంది.

కుక్కలు దాన్ని పట్టుకోవడం ఒకసారి దగ్గర నుంచే చూశాను. ఒక కుక్క వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుంది. పట్టు దొరికిందనే అనుకున్నాం. చర్మం వదులుగా ఉంటుంది కదా, ఆ చర్మం లోపలే అది గిర్రున తిరిగి కుక్క మూతి అందుకుంది. కుక్క అరిచి వదిలేసినా ఇది వదల్లేదు. తోక కింది గ్రంథుల్లోంచి వచ్చిన కంపుకి మిగతా కుక్కలు తుమ్ముకుంటూ దూరం జరిగాయి. మెడ దగ్గర ఆ తోలు దాదాపు 6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కుక్క పళ్లు అంత సులువుగా దిగవు. కుక్కలు జరిగి దారి దొరికిందో లేదో, ఇంతమందిమి నిలబడి ఉన్నా మా వైపు చూడకుండా పొదల్లోకి పరుగెత్తింది. కోపం తీర్చుకునే జంతువైతే అప్పుడే మా మీద పడేది.

మాజీ బీట్ వాచర్:
మాస్టారు చెప్పినది నిజం. కానీ దాన్ని "భయంకరమైనది" అని మళ్లీ మళ్లీ చెప్పుకోవడం వల్లే ఊళ్లలో చంపుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూల్లో ఉంది. పులి ఉన్న షెడ్యూలే అది. వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదని సెక్షన్ 11 చెబుతుంది. ఆ మాట అందరికీ తెలుసు. దాని కింద ఉన్న ఇంకో మాట ఎవరూ చదవరు. ఆ సమయానికి నువ్వే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. అంటే అనుమతి లేకుండా వేటకు పోయి, కుక్కల్ని ఉసిగొల్పి, కరిచింది కాబట్టి చంపానంటే కుదరదు. ఉచ్చు వేయడం కూడా చట్టం లెక్కలో వేటే.

అసరెల్లి మిర్చి రైతు:
చట్టం తెలిసింది, సంతోషం. నేను తీగ వేసేది పందికి. బిజ్జు వచ్చి అందులో పడితే నా తప్పా?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
తమ్ముడూ, నా బాధంతా ఆ తీగ గురించే. బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు పందిని చూసి బిగుసుకోదు, ఏది తల పెడితే దానికి బిగుసుకుంటుంది. అలా పడిన బిజ్జు దగ్గర నేల చూశాను. ఉచ్చు అందినంత మేర గుండ్రంగా తవ్వేసి ఉంది, చెట్టు వేళ్లు కొరికేసి ఉన్నాయి, తీగ నడుము లోపలికి దిగిపోయింది. దాన్ని కర్రలతో కొట్టబోయినవాడికి కాటు పడింది. ఆయన ఇప్పటికీ "నా మీదికి దూకింది" అనే చెబుతాడు. తీగ వేసింది ఎవరు, దగ్గరికి పోయింది ఎవరు?

ఇంకో సంగతి. ఇవి పందుల్లా గుంపుగా కనవు. ఈతకు ఒకటి, మహా అయితే రెండు పిల్లలు. పిల్ల ఏడాదికి పైగా తల్లి వెంటే ఉంటుంది. తల్లి ఉచ్చులో పడితే పిల్ల కూడా పోయినట్టే.

నీ కోళ్ల నష్టం చిన్నదని నేను అనను. గూడు అడుగున బండలు పరిచి, చుట్టూ జాలీని ఒక మూర లోతు పాతు. అది తవ్వే జంతువు, తవ్వే దారి మూసేస్తే చాలావరకు ఆగుతుంది. దక్షిణాఫ్రికాలో తేనెటీగలు పెంచేవాళ్లు ఇలాగే పెట్టెల్ని నేలకు మీటరు ఎత్తున స్టాండ్ల మీద బిగించి కాపాడుకుంటున్నారు. అంతకుముందు వాళ్లు కూడా బోన్లూ విషమూ పెట్టినవాళ్లే. ఇప్పపువ్వుకి పోయే ఆడోళ్ల చేతికి టార్చి ఇవ్వండి, మాట్లాడుకుంటూ నడవమనండి. శబ్దం వింటే అదే తప్పుకుంటుంది. ఎదురుగా నిలబడి గుర్రుమంటే దారి వదిలి వెనక్కి రండి, రాయి మాత్రం వేయొద్దు.

మాజీ బీట్ వాచర్:
ఉచ్చులో బతికున్నది కనబడితే ఎవరూ చేయి పెట్టకండి. మహారాష్ట్ర అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926కి ఫోన్ చేయండి. కాటు పడితే కడుక్కొని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకోండి. పసరు కట్టుకొని ఇంట్లో పడుకున్నవాళ్లని చూశాను.

అసరెల్లి మిర్చి రైతు:
గూడు కింద బండలు పరుస్తాను, అది నా చేతిలో పని. తీగ నేనొక్కణ్ణి తీస్తే ఏమవుతుంది? పందులన్నీ నా చేలోనే దిగుతాయి. అందరూ తీస్తే నేనూ తీస్తా.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అది న్యాయమైన మాట. అందుకే గ్రామసభలో పెడదాం. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 5 వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు కూడా ఇచ్చింది. మన గడ్చిరోలీ జిల్లాలోనే మెండా-లేఖా ఊరివాళ్లు తమ అడవిని తామే చూసుకుంటున్నారు. తీగలు అందరూ ఒకేరోజు తీయాలి, పందులకు రాత్రి కాపలా వంతులవారీగా వేసుకోవాలి. వంతుల లిస్టు నేను రాస్తాను.

మాజీ బీట్ వాచర్:
తునికాకు మొదలు కాకముందే పెట్టండి అన్నా. ఆకు కోత మొదలైందంటే ఊరంతా అడవిలోనే ఉంటుంది, సభకు ఎవరూ రారు.