విండోస్ 11 ఎక్కని డీటీపీ మిషన్ – లినక్స్ పెడితే అనూ తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్ల సంగతేంటి?

గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ షాపండీ. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్ట్ అయిపోయింది. బాగా నడిచే మిషన్‌ని తుక్కుకి వెయ్యాలా?

జవాబు 1:
అక్కర్లేదండీ. ఆ హార్డ్‌డిస్క్ చెరపకుండా విప్పి పక్కన పెట్టండి. కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్ బదులు వాడే ఉచిత ఓఎస్, తేలికపాటి రకం) ఎక్కించండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓని (మింట్ ఇన్‌స్టాల్ ఫైల్) రూఫస్ అనే విండోస్ టూల్‌తో రాస్తే సరి. ముందు లైవ్‌లోనే (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి) ప్రింటర్, వైఫై చూసుకోండి. వైఫై కనపడకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి డ్రైవర్ మేనేజర్ తెరవండి. ర్యామ్ పెంచేముందు బోర్డు చూడండి: ఆరో తరంలో డీడీఆర్3ఎల్, డీడీఆర్4 రెండూ ఉన్నాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు.

జవాబు 2:
టైపింగ్‌కి ఐబస్-ఎం17ఎన్ (లినక్స్‌లో తెలుగు టైపింగ్ టూల్) వేసుకోండి. అందులో యాపిల్ లేఅవుట్ (కీల అమరిక) ఉంది, అనూలో అలవాటైన చేతికి హాయి. చిక్కల్లా పాత ఫైళ్లతోనే. అనూ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర కోడ్) కావు, ఫాంట్ లేకపోతే పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్‌లో యూనికోడ్‌కి మార్చాక ఒత్తులు తప్పకుండా సరిచూడండి. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) పనికి విండోస్ ఉన్న పాత డిస్క్ తగిలించండి, దానికి సపోర్ట్ లేదు కాబట్టి నెట్ కేబుల్ మాత్రం పీకేసి. మన అక్షరాలు ఒక కంపెనీ ఫాంట్‌లో బందీ అయి ఉండకూడదు. కొత్త పనంతా యూనికోడ్‌లోనే చెయ్యండి.