సోడియం తగ్గిందన్నారు, అయినా ఉప్పు తగ్గించమన్నారు: ఇలాంటి అనుభవం ఎవరికైనా ఉందా?

బ్రాడీపేట కోడలు, గుంటూరు:
మా మామయ్యగారికి డెబ్బై దాటాయి. గుండె బలహీనపడిందని కొంతకాలంగా మందులు వాడుతున్నారు. ఎండలు ముదిరిన దగ్గర నుంచి కాళ్లకు నీరు పట్టింది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నది. రక్తపరీక్షలో సోడియం 127 అని వచ్చింది. 135 నుంచి 145 మధ్య ఉండాలట. డాక్టరుగారు మాత్రం ఉప్పు బాగా తగ్గించమని, మంచినీళ్లు, మజ్జిగ, కాఫీ అన్నీ కలిపి రోజుకు లీటరున్నర దాటనివ్వవద్దని చెప్పారు. సోడియం అంటే ఉప్పే కదా, తగ్గినదాన్ని ఇంకా తగ్గించడమేమిటని మా ఆడపడుచు వాదిస్తున్నది. మేము డాక్టరుగారు చెప్పినట్టే నడుచుకుంటున్నాము గాని, కారణం ఎవరైనా విడమరచి చెప్తే ఇంట్లోవారికి నచ్చజెప్పుకోగలను.

తెనాలి మాస్టారు:
అమ్మా, రిపోర్టులోని 127 అనే అంకె ఒంట్లో మొత్తం ఎంత ఉప్పు ఉన్నదో చెప్పదు. రక్తంలోని నీటితో పోలిస్తే సోడియం ఏ పాళ్లలో ఉన్నదో మాత్రమే చెబుతుంది. ఉప్పు ఎక్కువై, నీరు అంతకంటే ఎక్కువైతే అంకె పడిపోతుంది. మీ మామగారి విషయంలో కాళ్ల వాపు ఉప్పు నిలిచిపోయినందుకు గుర్తు, సోడియం అంకె పడిపోవడం నీరు అంతకు మించి నిలిచిపోయినందుకు గుర్తు. అందుకే రెండింటినీ తగ్గించమన్నారు.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి, దానితో పాటు దాదాపు కిలోన్నర ఉప్పు వాటిలోని సన్నని నాళికల్లోకి దిగుతుంది. అందులో మూడింట రెండు వంతులు ఆ నాళికల మొదటి మెలికల్లోనే, మరో పాతిక శాతం ఆ తరువాత వచ్చే హెన్లీ వంపు అనే భాగంలో తిరిగి రక్తంలోకి చేరిపోతుంది. మిగిలిన ఆ కొద్ది శాతాన్ని ఉంచుకోవాలా, మూత్రంలో వదిలేయాలా అన్నది చివరి భాగంలో తేలుతుంది. అక్కడ అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగితే ఉప్పు నిలుస్తుంది, తగ్గితే పోతుంది. నీటి సంగతి వేరు. రక్తం కాస్త చిక్కబడగానే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, దాని ప్రభావంతో నీరు వెనక్కి పీల్చబడి మూత్రం చిక్కబడుతుంది.

గుండె బలహీనపడినప్పుడు ధమనులు సరిగా నిండవు. ఒంట్లో ఎంత నీరు నిలిచి ఉన్నా మూత్రపిండాలకు అది కరవుగానే తోస్తుంది కనుక, రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేసి దాని ద్వారా ఆల్డోస్టిరాన్‌ను పెంచి ఉప్పును పట్టి ఉంచుతాయి. అదే సమయంలో వాసోప్రెసిన్ కూడా పెరిగి నీటిని పోనివ్వదు. ఈ స్థితిలో ఉప్పు మజ్జిగ ఇస్తే ఏమవుతుందో సెలైన్ సీసాను బట్టి గ్రహించవచ్చు: లీటరు సెలైన్‌లో ఉండేది 9 గ్రాముల ఉప్పే, అంటే ఆపాటి ఉప్పు ఒంట్లో నిలిస్తే దాదాపు లీటరు నీరు దానితో పాటే నిలుస్తుంది.

కృష్ణలంక నివాసి, విజయవాడ:
మాస్టారు చెప్పినది గుండె జబ్బుకు సరిపోతుంది, కాని తగ్గిన ప్రతి సోడియమూ అలాంటిది కాదు. మా అమ్మగారికి వాపు ఏమీ లేదు. బీపీకి థయజైడ్ రకం (నీరు తీసే) మాత్ర వాడుతూ, వేసవి కదా అని మంచినీళ్లు, బార్లీ నీళ్లు విపరీతంగా తాగేవారు. ఒకరోజు మాట తడబడి, మనుషులను పోల్చుకోలేకపోతే పక్షవాతమేమోనని భయపడి సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాము. సోడియం 116. ఆ రకం మాత్ర ఉప్పును బయటకు పంపడమే కాక, అదనపు నీటిని పల్చని మూత్రంగా వదిలించుకునే శక్తిని కూడా తగ్గిస్తుందని, పెద్దవయసువారిలో ఇది తరచు కనిపిస్తుందని చెప్పి, మాత్ర మార్చారు. వెంటనే అంకెను మామూలుకు తీసుకురమ్మని మేము తొందరపెట్టాము. ఒక రోజులో ఎనిమిది, పది అంకెలకు మించి పెంచితే మెదడుకు ప్రమాదమని వారు నిదానంగానే ఎక్కించారు.

యార్డు గుమాస్తా, గుంటూరు:
మా మిర్చి యార్డులో ఏప్రిల్, మే నెలల్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీల చొక్కాల మీద ఉప్పు చారలు కడుతుంది. వారికి ఉప్పు మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఇవ్వమనే డాక్టర్లు చెబుతారు. ఉత్త నీళ్లు ఎక్కువ తాగితే కండరాలు పట్టేస్తాయని వారే అంటారు. ఎవరైనా సరే రోజుకు నాలుగైదు లీటర్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయన్న మాట మాత్రం నిజమేనా?

పటమట అన్నయ్య, విజయవాడ:
గుమాస్తాగారూ, చెమటలో ఉప్పూ నీరూ రెండూ పోయిన మనిషికి రెండూ ఇవ్వవలసిందే. రాళ్లు వచ్చినవారికి ఎక్కువ నీరు తాగమనడమూ సబబే. కాని ఆ నాలుగైదు లీటర్ల మాట అందరికీ వర్తించదు. మా తమ్ముడికి డయాలసిస్ జరుగుతున్నది, మూత్రం దాదాపు రాదు. తాగిన నీరంతా మళ్లీ యంత్రం మీద పడుకునే వరకు ఒంట్లోనే ఉంటుంది.

జబ్బు మొదట్లో వాడికి రాత్రిళ్లు మూత్రానికి లేవడం ఎక్కువైంది. షుగరేమో అనుకున్నాము, కాదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం మూత్రాన్ని రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కబరచగలదట. దెబ్బతిన్నది ఆ శక్తి కోల్పోయి, అంతే వ్యర్థాన్ని పంపడానికి ఎక్కువ నీరు ఖర్చు చేస్తుంది.

వాడి దాహాన్ని తగ్గించింది నీటి కొలత కాదు, ఉప్పు కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాములలోపు అంటున్నది. మన ఇళ్లలో ఉప్పంతా కూరలో ఉండదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలలో ఉంటుంది. కూర చప్పగా వండి పక్కన ఆవకాయ వడ్డిస్తే పథ్యం ఎక్కడిది? ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాను. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు పొట్లాలలో చాలావాటికి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరిబోండాం విషయంలోనూ ఇదే భయం.

బ్రాడీపేట కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. ఆడపడుచు కూడా ఇదంతా చదివింది. మామయ్యగారు వాడే కొన్ని బీపీ మందులు కూడా పొటాషియాన్ని పెంచుతాయని మందుల షాపులో చెప్పారు, అందుచేత ఆ పొట్లం జోలికి వెళ్లము. రోజూ బరువు చూడమన్నారు, ఎప్పుడు చూడాలి?

తెనాలి మాస్టారు:
ఉదయం మూత్రానికి వెళ్లివచ్చిన తరువాత, కాఫీకి ముందు, రోజూ ఒకే యంత్రం మీద, ఒకే తరహా బట్టలతో చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, రెండు లీటర్ల నీరు. వాపు కంటికి కనిపించే వరకు ఆగకుండా ఆ అంకె డాక్టరుగారికి ఫోనులో చెప్పండి. నీరు తీసే మాత్ర మోతాదు మీ అంతట మీరు మార్చవద్దు.