డ్రైవర్ మాడ్యూల్‌ని మన దగ్గరే ఉంచుకోవాలా, మెయిన్‌లైన్ లైనక్స్‌కి పంపాలా?

బోర్డు_బెంచీ:
మా చిన్న కంపెనీ ఒక పీసీఐ డేటా కార్డు అమ్ముతుంది. దాని కెర్నల్ మాడ్యూల్‌ని, అంటే లైనక్స్ కెర్నల్‌లోకి చేరి కార్డుని నడిపే డ్రైవర్ కోడ్‌ని, ఏళ్లుగా నేనే చూస్తున్నాను. 2019లో కెర్నల్ 5.0 వచ్చింది, యాక్సెస్_ఓకే అనే కెర్నల్ ఫంక్షన్‌లో మొదటి ఆర్గ్యుమెంట్ తీసేశారు, మా కోడ్ కంపైల్ కాలేదు. 5.6లో ప్రాక్ ఫైళ్లకు (కెర్నల్ సమాచారం చూపే /proc ఫైళ్లు) ప్రాక్_ఆప్స్ అనే కొత్త స్ట్రక్చర్ పెట్టారు. 6.4లో క్లాస్_క్రియేట్ ఫంక్షన్ నుంచి దిస్_మాడ్యూల్ ఆర్గ్యుమెంట్ పోయింది. ఇప్పుడు సోర్సు నిండా వెర్షన్ చూసుకునే ఇఫ్‌లే. మాడ్యూల్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే డీకేఎంఎస్ టూల్ ఉంది కాబట్టి కస్టమర్ కెర్నల్ అప్‌డేట్ చేస్తే మాడ్యూల్ దానంతటదే మళ్లీ బిల్డ్ అవుతుంది. ఆ బిల్డ్ ఫెయిలైతే మాత్రం ఫోన్ నాకే వస్తుంది. అదే డ్రైవర్ మెయిన్‌లైన్ ట్రీలో, అంటే లైనక్స్ అసలు సోర్సులోనే ఉంటే, ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే మన ఫైలునూ మారుస్తారు. పంపేద్దామంటే మా మేనేజర్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పాతకెర్నల్:
మీ మేనేజర్ మాటలో అర్థం ఉందన్నా. మీరు సొంతంగా పెట్టుకున్న ఐఓసీటీఎల్‌లను (అప్లికేషన్లు డ్రైవర్‌కి ఇచ్చే ప్రత్యేక కమాండ్లు) రివ్యూలో అంత తేలిగ్గా ఒప్పుకోరు. అనలాగ్ డేటా చదివే కార్డయితే ఐఐఓ లాంటి, అలాంటి పరికరాలకు కెర్నల్‌లో ఉన్న ఉమ్మడి సబ్‌సిస్టమ్‌లోకి మార్చమనవచ్చు. అప్పుడు కస్టమర్ల దగ్గరున్న అప్లికేషన్లన్నీ ఎవరు తిరగరాస్తారు? పైగా రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ వాడేవాళ్లు పాత కెర్నల్ మీదే ఏళ్లపాటు ఉంటారు. వాళ్లకోసం బయటి మాడ్యూల్‌ని ఎలాగూ నడపాలి. ఒక పని రెండవుతుంది.

యూజర్‌స్పేస్_వాసి:
అసలు కెర్నల్‌లో అంత కోడ్ ఎందుకు? కెర్నల్ 2.6.23 నుంచీ యూఐఓ ఉంది, దానితో డ్రైవర్ పనిలో ఎక్కువ భాగం మామూలు ప్రోగ్రాంలోనే రాసుకోవచ్చు. కార్డు రిజిస్టర్లను మన ప్రోగ్రాం మెమరీలోకి ఎంమ్యాప్ చేసుకోవచ్చు, ఇంటరప్ట్ వచ్చిందో లేదో ఒక రీడ్‌తో తెలుస్తుంది. తప్పు జరిగితే సాధారణంగా మన ప్రాసెస్ ఒక్కటే పోతుంది.

బోర్డు_బెంచీ:
మా కార్డులో డీఎంఏ ఉందండీ, అంటే ప్రాసెసర్ లేకుండా కార్డే నేరుగా మెమరీలో రాస్తుంది, యూఐఓతో అది సరిగ్గా కుదరదు. డీఎంఏకీ పనికొచ్చే వీఎఫ్‌ఐఓని సురక్షితంగా వాడాలంటే ఐఓఎంఎంయూ (పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో అదుపు చేసే హార్డ్‌వేర్) ఆన్‌లో ఉండాలి. కస్టమర్ల పాత మెషీన్లలో కొన్నింటికి అసలు అదే లేదు.

ప్యాచ్_వీ5:
పనిభారం గురించే మాట్లాడుతున్నారు, నాకు దక్కింది వేరే. మేము ఒక టచ్ కంట్రోలర్ డ్రైవర్ పంపాం. అయిదో వెర్షన్‌కి తీసుకున్నారు. మూడో వెర్షన్‌లో రివ్యూ చేసినాయన ఒకే ప్రశ్న అడిగారు: "రిమూవ్‌లో (డ్రైవర్‌ని తీసేటప్పుడు నడిచే ఫంక్షన్) టైమర్ ఆపకుండానే మెమరీ ఫ్రీ చేస్తున్నారు. ఆ తర్వాత టైమర్ మోగితే ఏమవుతుంది?" మా ల్యాబ్‌లో మాడ్యూల్‌ని తీసేసే ఆర్‌ఎంమాడ్ కమాండ్ కొట్టాక ఎప్పుడో ఒకసారి మెషీన్ ఫ్రీజ్ అయ్యేది. రెండేళ్లు ఆ నేరాన్ని బోర్డు మీదే నెట్టాం. టైమర్‌ని పూర్తిగా ఆపే డెల్_టైమర్_సింక్ ఒక్క లైను చేర్చాం, అంతే, మళ్లీ ఫ్రీజ్ కాలేదు. పాతకెర్నల్ గారూ, ఐఓసీటీఎల్‌ల గురించి మీరన్నది నిజమే, మాకూ అక్కడే నాలుగు నెలలు పట్టింది. కానీ ఆ బగ్‌ని మా ఆఫీసులో ఎవరమూ పట్టుకునేవాళ్లం కాదు, ఎందుకంటే ఆ కోడ్ చదివేది నేనొక్కడినే.

పాతకెర్నల్:
అది కాదనను. రివ్యూ కోసం పంపండి. పాత కెర్నల్ వాడే కస్టమర్లకు బయటి మాడ్యూల్ మాత్రం ఆపకండి.

బోర్డు_బెంచీ:
ప్యాచ్_వీ5 గారి పోస్టు చదివి మా రిమూవ్ ఫంక్షన్ తెరిచాను. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని తీసేసే ఫ్రీ_ఐఆర్‌క్యూ కంటే ముందే బఫర్ ఫ్రీ అవుతోంది. మాది షేర్డ్ ఇంటరప్ట్ లైను, అంటే పక్క కార్డు ఇంటరప్ట్ ఇచ్చినా మా హ్యాండ్లర్ లేస్తుంది. అప్పటికి ఆ బఫర్ ఉండదు. ఇన్నేళ్లూ ఇది కస్టమర్ల దగ్గర నడుస్తోంది. రేపు పొద్దున ముందు ఈ వరుస సరిచేసి అందరికీ కొత్త వెర్షన్ పంపుతాను. మేనేజర్‌తో ఆ తర్వాత మళ్లీ కూర్చుంటాను, ఈసారి ఈ ఫంక్షన్ చేతిలో పట్టుకుని.